ఖుఫు నిజంగా క్రూరుడా? పెద్ద పిరమిడ్ రాజుకు చెడ్డపేరు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇసుకగడియారం

నమస్కారం. మా బడి చరిత్ర క్లబ్బు పిల్లలు ఖుఫు మీద ఒక చిన్న నాటకం రాస్తున్నారు. గీజాలో పెద్ద పిరమిడ్ కట్టించిన ఫారో, గ్రీకులు కియోప్స్ అని పిలిచిన రాజు. మొదటి ప్రతి నా చేతికి వచ్చింది. అందులో తెర లేచింది మొదలు ఆయన చేతిలోంచి కొరడా దిగదు. దేవాలయాలు మూయించాడు, లక్షమందిని చాకిరీలోకి తోశాడు, ఖజానా ఖాళీ అయితే కన్నకూతురిని వేశ్యావాటికకు పంపాడు అని రాసుకొచ్చారు. ఆ చివరిది నేను కొట్టేశాను. ఇదంతా ఎక్కడిదని అడిగితే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడన్నారు. తిరగేసి చూస్తే నిజంగానే రాశాడు.

ఇంతలో క్లబ్బులో ఇంకో జట్టు తయారైంది. పిరమిడ్ కట్టినవాళ్ళు బానిసలు కారట, కడుపునిండా మాంసం తిన్నారట, ఎముక విరిగితే వైద్యం జరిగిందట, కాబట్టి ఖుఫు ప్రజల మనిషి అని వీళ్ళ వాదన. ప్రస్తుతం రెండు జట్లకూ మాటలు లేవు.

తీర్పు చెప్పవలసింది నేను. హెరొడోటస్‌ను ఎంతవరకు నమ్మాలి? ఖుఫు బతికి ఉండగా రాసినది ఏదైనా మిగిలిందా? అంత కట్టడం కట్టించినవాడికి దక్కిన విగ్రహం వేలెడంత అని కూడా ఎక్కడో చదివాను. అది నిజమైతే కారణం ఏమిటి?

రాతిపలక

హెరొడోటస్ రాసింది క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో. ఖుఫు పాలించింది క్రీ.పూ. 2600కు కాస్త అటూ ఇటూ. మధ్యలో రెండు వేల ఏళ్ళకు పైమాటే. ఆ ఎడం ఎంతటిదో ఆయనకే తెలియదని రాజుల వరుస చూస్తే అర్థమవుతుంది. ఖుఫును రాంప్సినిటస్ అనే రాజు తర్వాత కూర్చోబెట్టాడు. ఆ పేరు వెనక కనిపించేది రామెసెస్ అనే పేరు. ఆ పేరుగల రాజులందరూ ఖుఫు పోయిన వెయ్యేళ్ళకు పైగా గడిచాక వచ్చినవాళ్ళు.

ఇంకా చెప్పాలంటే, పిరమిడ్ అడుగున నైలు నీళ్ళు చుట్టూ పారే దీవిలో ఖుఫును పూడ్చారని రాశాడు. అడుగున రాతిలో తొలిచి, సగంలో వదిలేసిన గది ఉంది. దీవి లేదు, నీళ్ళూ లేవు. పిరమిడ్ మీద ఒక శాసనం ఉందని, పనివాళ్ళు తిన్న ముల్లంగికీ ఉల్లికీ వెల్లుల్లికీ 1600 టాలెంట్ల (గ్రీకుల పాత తూకం) వెండి ఖర్చయిందని అందులో ఉందని దుబాసీ చదివి చెప్పాడట. తన సమాధి మీద ఉల్లిపాయల పద్దు చెక్కించుకునే రాజును నేనెక్కడా వినలేదు. దుబాసీకి ఆ లిపి చదవడం వచ్చా అన్నది నా అనుమానం.

ఒక్క విషయంలో మాత్రం హెరొడోటస్‌ను నిందించకండి. ఆయన బానిసలు అనలేదు. ఈజిప్టు వాళ్ళందరి చేతా తన పని చేయించుకున్నాడు, లక్షమంది చొప్పున మూడేసి నెలల వంతులు అన్నాడు. రాళ్ళు లాగే బాటకు 10 ఏళ్ళు, పిరమిడ్‌కు 20 ఏళ్ళు అన్నాడు. గొలుసులు, కొరడాలు తర్వాతి వాళ్ళు తగిలించినవి.

రేవుగుమాస్తా

రాజు బతికి ఉండగా రాసినది మిగిలిందా అని అడిగారు. మిగిలింది. అది కవిగారి స్తోత్రం కాదు, పని రిజిస్టరు.

ఒక మాట ముందే చెప్పుకుంటాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఓడరేవులో సరుకుల లాగ్‌బుక్కులు రాసి, ఇతరులు రాసినవి తనిఖీ చేసి బతికినవాణ్ణి. కనుక నా పక్షపాతం ఎటు ఉంటుందో తెలుసుకునే చదవండి. బంగారు ముసుగులు చూసి జనం నోరు తెరుస్తారు. నాకు మాత్రం సరుకు ఎత్తిన తేదీ, దింపిన తేదీ, రాత్రి పడవ ఎక్కడ ఆగిందో ఒక పక్కన కనబడితే చాలు, ఆ రోజుకు భోజనం అక్కరలేదు.

ఎర్రసముద్రం ఒడ్డున, సూయజ్‌కు దక్షిణంగా, వాది అల్ జర్ఫ్ అనే చోటు ఉంది. ఖుఫు కాలపు రేవు అది. ఎదురుగా సినాయ్ ద్వీపకల్పం, అక్కడ రాగి, టర్కోయిస్ అనే నీలిపచ్చ రాయి. ఈ ఒడ్డు నుంచి పడవల్లో దాటేవారు, పని ముగిశాక పడవలను ఊడదీసి, కొండలో తొలిచిన గిడ్డంగుల్లో దాచేవారు. అలాంటి గిడ్డంగులు ముప్పై దాకా ఉన్నాయి. సముద్రంలో రాతి గట్టు కట్టారు. ఒడ్డున వంద దాకా రాతి లంగర్లు దొరికాయి. ఫ్రెంచి పురావస్తువేత్త పియెర్ తాలే బృందం 2011 నుంచి అక్కడ తవ్వుతోంది. 2013లో, గిడ్డంగుల నోళ్ళు మూసిన బండల దగ్గర, వందల కొద్దీ పాపిరస్ (జమ్ముతో చేసిన కాగితం) ముక్కలు బయటపడ్డాయి. రాత ఉన్న పాపిరస్‌లలో ఇంతవరకు దొరికిన అన్నింటికంటే పాతవి ఇవే.

తేదీ పశువుల లెక్కింపును బట్టి వేశారు. పదమూడోసారి లెక్కించిన తర్వాతి ఏడు అని ఉంది. ఆ లెక్కింపు మామూలుగా రెండేళ్ళకోసారి జరిగేది కనుక ఖుఫు పాలనలో 26వ ఏడో 27వ ఏడో అవుతుంది. అంటే పిరమిడ్ పని ముగింపుకు వచ్చిన రోజులు.

వీటిలో బాగా మిగిలిన భాగం మేరేర్ అనే తనిఖీ అధికారి దినవారీ లాగ్‌బుక్కు. అతని కింద నలభై మంది. గడులు గీసిన తీరు చూడండి. పైన అడ్డంగా రోజుల వరుస, ఒక్కో రోజు కింద నిలువుగా రెండేసి వరుసల రాత. నేను కొత్తగా చేరినప్పుడు నా చేతికి ఇచ్చిన రిజిస్టరు ఇంత శుభ్రంగా లేదు. అందులో ఉన్నది ఏమిటంటే: ఫలానా రోజు తుర్రా దక్షిణ గనిలో జట్టుతో రాళ్ళు లాగడం, రాత్రి అక్కడే. మర్నాడు రాళ్ళు నింపుకుని బయలుదేరడం, రాత్రి ఖుఫు చెరువు దగ్గర. ఆ మర్నాడు పిరమిడ్ చేరడం, రాత్రి అక్కడ. తెల్లారి ఖాళీ పడవతో తిరిగి తుర్రాకు. మళ్ళీ రాళ్ళు లాగడం. నెలలు ఇలాగే. పది రోజులకు రెండు మూడు విడతలు. నైలు పొంగే కాలంలో చేశారు, పడవ పిరమిడ్‌కు ఎంత వీలైతే అంత దగ్గరగా పోవాలి కదా.

తుర్రా నది తూర్పు ఒడ్డున ఉంది, పిరమిడ్ పడమటి ఒడ్డున. మేరేర్ మోసింది పైపొరకు వాడిన తెల్లటి సున్నపురాయి. లోపలి రాయిలో ఎక్కువ భాగం పిరమిడ్ పక్కనే తవ్వారు. రాజు గదికి గ్రానైట్ మాత్రం దక్షిణాన అస్వాన్ నుంచి, 800 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చింది. మొత్తం రాళ్ళు 23 లక్షల దాకా ఉంటాయని అంచనా. 27 ఏళ్ళు ఒక్క సెలవు లేకుండా పని చేసినా రోజుకు 230 పైచిలుకు పడతాయి. పదిగంటల పని అనుకుంటే రెండున్నర నిమిషాలకు ఒక రాయి. పాత అలవాటు కొద్దీ వేసిన లెక్క ఇది, అడక్కుండానే.

మేరేర్ తన పని గురించి ఒక్క విశేషణం వాడలేదు. కష్టం అనలేదు, మహత్కార్యం అనలేదు. తమకు తిండి తెమ్మని ఇజేరు అనే మనిషిని హెలియోపోలిస్‌కు పడవలో పంపిన సంగతి మాత్రం రాశాడు. తిండి సరుకుల పద్దులు వేరే కాగితాల్లో ఉన్నాయి. ఇక రాజుగారు ఎక్కడా అంటారా? ఆయన పేరు దాదాపు ప్రతి పుటలోనూ ఉంది, పిరమిడ్ పేరులో, చెరువు పేరులో. మనిషిగా ఒక్కసారీ రాడు. మేరేర్ పైఅధికారిగా కనిపించేది అన్ఖాఫ్, ఖుఫు సవతి సోదరుడు. చెరువు దగ్గరి వ్యవహారాలన్నీ ఆయన చేతిలో ఉన్నాయి.

ఇంతకీ నా అభిప్రాయం: హెరొడోటస్ చెప్పిన ఖుఫు వేరు, ఈ కాగితాల్లో పనిచేస్తున్న రాజ్యం వేరు. కొరడా పట్టుకున్నవాడి చేత ఈ లెక్కలు రాయించలేరు. నలభైమంది ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో, రేపు వాళ్ళకు రొట్టె ఎవరు తెస్తారో ముందే తెలిసిన ఆఫీసు అది.

వెన్నుపూస

రేవుగుమాస్తా గారూ, లాగ్‌బుక్కు గురించి అంత రుచిగా రాసినందుకు థాంక్స్. చివరి పేరాతో మాత్రం ఏకీభవించను. కొరడా పట్టుకున్నవాళ్ళు లెక్కలు చక్కగా రాయించిన సందర్భాలు చరిత్రలో కావలసినన్ని ఉన్నాయి. రిజిస్టరు శుభ్రంగా ఉందంటే రిజిస్టరు శుభ్రంగా ఉందని మాత్రమే అర్థం.

నేను ఫిజియోథెరపిస్టును. నాకు లాగ్‌బుక్కు కంటే వెన్నెముక చదవడం తేలిక. 1990లో గీజా పీఠభూమి దక్షిణాన ఒక గుర్రం కాలు మట్టి ఇటుకల గోడకు తట్టుకుంది. అది సమాధి గోడ. ఈజిప్టు పురావస్తువేత్త జాహి హవాస్ బృందం తవ్వగా పిరమిడ్ పనివాళ్ళ శ్మశానం బయటపడింది. అధికారుల సమాధులు పైన, సామాన్యులవి కింద. దక్కినంతలో మంచి సమాధులే కట్టుకున్నారు, పక్కన రొట్టెలకూ బీరుకూ కుండలు పెట్టుకున్నారు. బానిసలను రాజు పిరమిడ్ కనుచూపు మేరలో ఇలా పూడ్చరు, అంతవరకు మీ రెండో జట్టు చెప్పింది సరైనదే. చేతి ఎముకలు, కాలి ఎముకలు విరిగి, సరిగ్గా అతికినవి కనిపించాయి. అలా అతకాలంటే ఎవరో నిటారుగా పట్టి కట్టు కట్టాలి, ఆ మనిషిని కొన్ని వారాలు పని లేకుండా పోషించాలి.

అదే శ్మశానంలో నడుము పూసలు, మోకాళ్ళు అరిగిపోయిన తీరు కూడా ఉంది. ఆడవాళ్ళ ఎముకల్లోనూ ఉంది. నా దగ్గరికి ఇలాంటి వెన్ను ఉన్న మనిషి వస్తే ముందు అడిగే ప్రశ్న, ఏం మోస్తారు, ఎంతకాలంగా మోస్తున్నారు అని. కట్టు కట్టారు కాబట్టి దయగల రాజు అనడం నాకు మింగుడు పడదు. పని ఆగకూడదు కాబట్టి కూడా కట్టు కడతారు. దీనికి మన భాషలో ఉన్న పాత మాట వెట్టి. రాజుకు పన్ను ధాన్యంతో కట్టినట్టే ఒంటితోనూ కట్టాలి. వంతు వచ్చినప్పుడు రాను అనే స్వేచ్ఛ రైతుకు ఉండేది కాదు.

ఇంకో జాగ్రత్త. మాంసం తిన్నారు అనే మాట ఎక్కువగా వచ్చింది పురావస్తువేత్త మార్క్ లేనర్ బృందం తవ్విన పనివాళ్ళ పట్టణం నుంచి. రొట్టెల బట్టీలు, పడక గదుల్లా పొడవాటి కట్టడాలు, గుట్టలుగా పశువుల ఎముకలు అన్నీ అక్కడివే. ఆ పట్టణంలో ఇంతవరకు తవ్విన భాగం చాలావరకు ఖుఫు తర్వాతి వాళ్ళది, ఖాఫ్రే, మెంకౌరే కాలానిది. ఆ విందు భోజనాన్ని ఖుఫు ఖాతాలో వేయకండి.

ఇసుకగడియారం

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక జట్టుకు వంతుల పని, ఇంకో జట్టుకు అరిగిన పూసలు పంచి పెట్టాను, ఇప్పుడు రెండు జట్లూ నా మీద కోపంగా ఉన్నాయి.

ఒకటి అర్థం కాలేదు. వెట్టి అందరు రాజులూ చేయించారు కదా. మరి ఖుఫు ఒక్కడికే ఇంత చెడ్డపేరు ఎందుకు?

రేవుగుమాస్తా

ఇది మంచి ప్రశ్న. వెన్నుపూస గారి మందలింపు స్వీకరిస్తున్నాను, వెట్టి అన్న మాట దగ్గర నాకు వాదన లేదు. రిజిస్టరు మీద ప్రేమ మాత్రం తగ్గదు.

ఖుఫుకు ముందు ఆయన తండ్రి స్నెఫ్రు. ఈయన ఒకటి కాదు, మైదుంలో ఒకటి, దహ్షూర్‌లో రెండు పిరమిడ్లు లేపాడు. దహ్షూర్‌లో ఒకదానికి సగం ఎత్తులో వాలు మార్చవలసి వచ్చింది, అందుకే అది వంగినట్టు కనిపిస్తుంది. మూడూ కలిపితే కొడుకు పేర్చిన దానికంటే ఎక్కువ రాయి అవుతుంది. పాత రాజుల ఏటేటి వివరాలు చెక్కిన పలెర్మో శిలలో ఈయన ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియా మీద దాడి చేసి 7,000 మంది బందీలను, 2,00,000 పశువులను పట్టుకొచ్చినట్టు ఉంది. అంకె ఉబ్బించి ఉండవచ్చు, గర్వంగా చెక్కించుకున్నది మాత్రం ఖాయం.

ఇప్పుడు ఈజిప్టు వాళ్ళ జ్ఞాపకంలో స్నెఫ్రు ఎలా ఉన్నాడో చూడండి. బెర్లిన్‌లో ఉన్న వెస్ట్‌కార్ పాపిరస్‌లో కథలు ఉన్నాయి, ఖుఫు పోయిన ఎన్నో వందల ఏళ్ళ తర్వాత రాసిన ప్రతి. అందులో స్నెఫ్రుకు ఏమీ తోచక చెరువులో పడవ వేయిస్తాడు, అమ్మాయిలు తెడ్లు వేస్తారు, ఒకామె నీలిపచ్చ పతకం నీళ్ళలో పడిపోతుంది. ఇంకోటి ఇస్తాను అంటే ఆమె వద్దంటుంది, నాదే నాకు కావాలి అంటుంది. రాజు చిరాకుపడడు, మంత్రగాణ్ణి పిలిపిస్తాడు. అతను చెరువు నీటిని ఒక పక్క మీద మరో పక్కను మడిచి పెట్టి పతకం తీసిస్తాడు. మూడు పిరమిడ్లు కట్టించినవాడు, ఏడు వేలమందిని బందీలుగా తెచ్చినవాడు, జనం నోట్లో ఇంత మంచివాడు!

అదే పాపిరస్‌లో ఖుఫు ఎదుటికి జెదీ అనే మంత్రగాడు వస్తాడు. వయసు 110, రోజుకు 500 రొట్టెలు, వంద కుండల బీరు. తెగిన తలను తిరిగి అతికించగలవట కదా అని ఖుఫు అడుగుతాడు. అవునంటే ఒక ఖైదీని తెప్పించి తల నరకమంటాడు. జెదీ ఒప్పుకోడు, మనిషి మీద ఈ పని చేయకూడదంటాడు. రాజు సరే అంటాడు, బాతు మీద చేసి చూపిస్తారు. తర్వాత జెదీ చెప్పే జోస్యం ఖుఫుకు నచ్చదు: నీ కొడుకు, మనవడు ఏలాక, వేరే ఇంటివాళ్ళు గద్దెనెక్కుతారు.

ఇది అయిదో రాజవంశం వచ్చినందుకు చెప్పుకున్న కథ అని చాలామంది అభిప్రాయం. కొత్త ఇల్లు పాత ఇంటి నుంచి కిరీటం తీసుకున్నప్పుడు, పాత ఇంటి పెద్ద కాస్త కఠినుడైతే కథకు అందం. అయినా ఇక్కడ ఖుఫు రాక్షసుడు కాడు. వింత చూడాలన్న ఆత్రం, మనిషి ప్రాణం అంటే లెక్కలేనితనం, ఎవరైనా అభ్యంతరం చెబితే వెనక్కు తగ్గడం మూడూ ఉన్నాయి. నాకు ఇదే నమ్మదగ్గ రాజులా అనిపిస్తాడు, కథ కల్పితమైనా.

హెరొడోటస్ దగ్గరికి వచ్చేసరికి ఇంకో సూత్రం కనిపిస్తుంది. పెద్ద పిరమిడ్ ఖుఫు చెడ్డవాడు. దాదాపు అంతే పిరమిడ్ ఖాఫ్రే, ఆయనా చెడ్డవాడు. 65 మీటర్ల చిన్న పిరమిడ్ మెంకౌరే, గుళ్ళు తెరిపించిన ధర్మాత్ముడు! రాతి ఎత్తును బట్టి గుణం నిర్ణయించారన్నమాట. 146 మీటర్ల గుట్టను చూసిన గ్రీకువాడికి, ఇది ఒక మనిషి కోసం కట్టారంటే, ఆ మనిషి ఎలాంటివాడై ఉంటాడో ఊహించడం కష్టం కాలేదు. స్నెఫ్రు పిరమిడ్లు గీజాకు దూరంగా దక్షిణాన ఉండటం వల్ల బతికిపోయాడని నా ఊహ.

గుళ్ళు మూయించాడన్న మాటకు ఎదురు సాక్ష్యం ఈజిప్టు వాళ్ళ నుంచే ఉంది. హెరొడోటస్‌కు ఒక వందేళ్ళ ముందు, 26వ రాజవంశం కాలంలో, ఖుఫు పేరుతో పూజారులు ఉన్నారు. పిరమిడ్ల పక్కన ఐసిస్ గుడిలో ఒక శిల నిలిపారు, ఆ గుడిని ఖుఫు బాగుచేయించాడని అందులో ఉంది. ఆ శిల కూడా ఖుఫు పోయిన రెండు వేల ఏళ్ళకు చెక్కినదే కాబట్టి సాక్ష్యంగా పెద్దగా నిలబడదు, నిజమే. కాని గుళ్ళు మూయించినవాడన్న పేరు ఆ ఊళ్ళోనే స్థిరపడి ఉంటే, అలాంటి శిలను ఎవరూ పెట్టుకోరు.

రాతిపలక

విగ్రహం ప్రశ్న మిగిలిపోయింది, అది నేను అందుకుంటాను.

నిజమే, ఏడున్నర సెంటీమీటర్ల దంతపు బొమ్మ. ఖుఫు సింహాసనం మీద కూర్చుని, దిగువ ఈజిప్టు ఎర్ర కిరీటంతో, చేతిలో రాజచిహ్నమైన నూర్పిడి కర్రతో ఉంటాడు. 1903లో బ్రిటిష్ పురావస్తువేత్త ఫ్లిండర్స్ పెట్రీ అబైడోస్‌లో తవ్విస్తుంటే తల లేని మొండెం దొరికింది. సింహాసనం మీద ఖుఫు పేరు చదివి, తల ఇప్పుడే విరిగిందని గ్రహించి, తవ్విపోసిన మట్టినంతా వారాల తరబడి జల్లెడ పట్టించాడు. తల దొరికింది. ఇప్పుడు కైరో ఈజిప్టు మ్యూజియంలో ఉంది. ఇది ఖుఫు కాలపుదే కాదని, 26వ రాజవంశంలో చేసిందని హవాస్ వాదించాడు. పేరుతో సహా మొత్తంగా మిగిలినది ఇదొక్కటే. చెక్కలు, ముక్కలు వేరే ఉన్నాయి. బ్రూక్లిన్ మ్యూజియంలో ఒక ఎర్ర గ్రానైట్ తల ఉంది, అది ఖుఫుదేనని కొందరంటారు, మీద పేరు లేదు.

పెద్ద విగ్రహాలు చేయించలేదని దీన్నిబట్టి అనుకోకూడదు. పిరమిడ్ పక్కనే ఆయన ఆలయం ఉండేది, నల్ల బసాల్టు నేలతో. ఇప్పుడు ఆ నేల తప్ప ఇంచుమించు ఏమీ మిగల్లేదు. తర్వాతి రాజులకు అది సిద్ధంగా ఉన్న రాతి గని. లిష్త్‌లో మొదటి అమెనెమ్‌హత్ పిరమిడ్ లోపల ఖుఫు కట్టడాల నుంచి తెచ్చిన చెక్కడపు రాళ్ళు దొరికాయి. మేరేర్ పడవలో వచ్చిన తెల్ల రాయి మధ్యయుగంలో కైరో కట్టడాలకు తరలిపోయింది. అందుకే ఇప్పుడు ఎత్తు 138 మీటర్లు. రాజు శవపేటిక గదిలోనే ఉంది, మూత లేదు, ఒక మూల విరిగింది, లోపల ఖాళీ.

ఇంత దోపిడీలోనూ ఒకటి చెక్కుచెదరలేదు. 1954లో కమాల్ అల్ మల్లాఖ్ పిరమిడ్ దక్షిణాన బండలతో కప్పిన గొయ్యి కనిపెట్టాడు. లోపల ఊడదీసి పేర్చిన దేవదారు పడవ, 1224 ముక్కలు. అహ్మద్ యూసఫ్ ఏళ్ళ తరబడి కూర్చుని వాటిని కూర్చాడు. పొడవు 43 మీటర్లకు పైగా. 2021లో దాన్ని కొత్త గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియానికి తరలించారు. నాటకానికి రంగాలంకరణ కావాలంటే కొరడా తీసేసి ఈ పడవ పెట్టించండి.

నక్షత్రబాట

ఇన్ని లెక్కలు చెప్పారు, రెండున్నర నిమిషాలకు ఒక రాయి అన్నారు. ఇది మనుషుల వల్ల అవుతుందని నిజంగా నమ్ముతున్నారా? పిరమిడ్ లోపల ఖుఫు పేరు ఎక్కడా చెక్కి లేదు కదా. వేరే నాగరికత వాళ్ళు కట్టినదాన్ని ఈయన ఆక్రమించుకుని ఉండవచ్చు.

రేవుగుమాస్తా

చెక్కి లేదు, నిజం. రాసి ఉంది. రాజు గది పైన, బరువు పంచడానికి ఒకదాని మీద ఒకటిగా అయిదు ఇరుకు గదులు ఉన్నాయి. అన్నింటికంటే కిందిది 1765లో డేవిసన్ చూశాడు. పై నాలుగూ పూర్తిగా మూసి ఉన్నాయి, 1837లో హోవర్డ్ వైస్ తుపాకి మందు పెట్టి పేల్చుకుంటూ ఎక్కాడు. పద్ధతి ఘోరం, ఫలితం మాత్రం ఇది: గోడల మీద పనివాళ్ళ జట్లు ఎర్ర రంగుతో రాసుకున్న పేర్లు, వాటిలో ఖుఫు పేరు. ఖుఫు మిత్రులు అని ఒక జట్టు. కొన్ని రాతలు తలకిందులుగా ఉన్నాయి, కొన్ని రెండు బండల సందులోకి దూరిపోయాయి. రాయి అమర్చకముందే రాసినవి అన్నమాట. ఎక్కడి నుంచో దిగివచ్చిన నాగరికత గనిలో కూలి జట్ల పేర్లు రాసుకోదు.

మేరేర్ రెండు మూడు విడతలకు పది రోజులు తీసుకున్నాడు. నడిపింది పడవనే, తిన్నది రొట్టెనే. నాకు అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. మీకు కావాలంటే ఇంకో దారం తెరుచుకోండి, ఇక్కడ వద్దు.

వెన్నుపూస

ఇసుకగడియారం గారూ, పిల్లలకు రాజు ముఖం దొరక్కపోతే అన్ఖాఫ్ ముఖం చూపించండి. మేరేర్ పైఅధికారి అని రేవుగుమాస్తా గారు పైన చెప్పిన మనిషే. ఆయన సున్నపురాతి ప్రతిమ బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉంది, గీజాలో ఆయన సమాధి దగ్గర దొరికింది. ఆ కాలపు శిల్పాల్లో మామూలుగా అందరూ కండలు తిరిగిన నవయువకులు. ఈయనకు మాత్రం కళ్ళ కింద సంచులు, సడలిన బుగ్గలు, తలమీద జుట్టు పలచన. పైన పలచగా పూసిన గచ్చులోనే ఈ వివరాలన్నీ తీర్చారు. భుజాల తీరు చూసి ఈ మనిషి సరిగ్గా నిద్రపోవడం లేదని నేను చెప్పగలను, అది వృత్తి దోషం.

రేవుగుమాస్తా

ఇప్పుడే చూశాను. ఈ ముఖం నాకు తెలుసు! నెలాఖరున నిలవ తేలక, ఎవరి మీద అరవాలో తెలియక కూర్చున్న ముఖం. ఖుఫు పోయాక ఖాఫ్రే దగ్గర ఈయన వజీరుగా కూడా చేశాడు. అంటే ఒక పిరమిడ్ లెక్క తేల్చి, రెండోదానికి కూర్చున్నాడు. నాటకంలో మాట్లాడే పాత్ర ఈయనకు ఇవ్వండి, రాజును తెర వెనక ఉంచండి. తుర్రా నుంచి పడవ ఎందుకు రాలేదని మొదటి మాటగా అడిగించండి, మిగతాది పిల్లలే రాసుకుంటారు.